ప్రసంగం చేతకాని సేవకుడు: ఆమోస్ అలోంజో స్టాగ్

మన సంఘాల్లో ఒక మాట వాడుకలో ఉంది. ఎవరి కుమారుడైనా బైబిల్ కాలేజీలో చేరితే ఆ అబ్బాయి సేవకు వెళ్లాడు అంటాం. అదే అబ్బాయి రెండేళ్ల తరువాత చదువు మానేసి వేరే పనిలో చేరితే, గొంతు తగ్గించి, సేవ వదిలేశాడట అని చెప్పుకుంటాం. తల్లి ముఖం చిన్నబోతుంది. ఆదివారం ఆరాధన ముగియగానే తండ్రి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటిదారి పడతాడు. ఆ అబ్బాయి మాత్రం పిలుపు పోగొట్టుకున్నవాడిగానే అందరి లెక్కలో మిగిలిపోతాడు.

ఈ వారం అలా సేవ వదిలేసిన ఒక మనిషి జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఆయన పేరు ఆమోస్ అలోంజో స్టాగ్. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తొలి తరం ఆటగాడు. తరువాత దాదాపు డెబ్బై ఏళ్లు శిక్షకుడు. మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికా వారి ఫుట్‌బాల్ వేరు. రెండు కొసలూ సన్నగా ఉండే బంతిని చేతపట్టుకొని అవతలి గీత వైపు పరుగెత్తాలి. ఎదుటి జట్టువారు అతన్ని వాటేసుకొని నేలకు పడవేస్తారు. మొరటు ఆట. అందులో ఒక భక్తుడు తన పిలుపును ఎలా వెదుక్కున్నాడు, అక్కడ ఏమి గెలిచాడు, ఎక్కడ తడబడ్డాడు అన్నదే ఈ కథ.

స్టాగ్ 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఐదవవాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఆ పని ఎంత చెమట అడుగుతుందో, తిరిగి ఎంత తక్కువ ఇస్తుందో మన సంఘాల్లో చాలామందికి తాతల కాలం నుంచి తెలుసు. ఇంట్లో డబ్బు లేదు గానీ భక్తి ఉంది. చదువుకోవాలన్న పట్టుదల ఉంది. ఎక్స్‌టర్‌లోని ఫిలిప్స్ అకాడమీలో, తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన చదివింది కడుపు మాడ్చుకొనే. వేడి సౌకర్యం లేని గదిలో ఉంటూ, చాలీచాలని తిండి తింటూ రోజులు నెట్టారు.

యేల్‌కు ఆయన వెళ్లింది పాస్టరు కావాలని. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పేరు వచ్చింది మాత్రం ఆటలో. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌గా ఆయనకు సాటి లేదన్నారు. వృత్తి జట్లు డబ్బు ఇస్తామని పిలిచాయి. చెప్పులు కుట్టేవాని కుమారునికి అది చిన్న శోధన కాదు. కానీ ఆ రోజుల్లో వృత్తి బేస్‌బాల్ చుట్టూ తాగుడు అలుముకొని ఉండేది. తాను వెళ్లాలనుకున్న దారి కూడా అది కాదు. వద్దన్నారు. 1888లో పట్టా పుచ్చుకొని యేల్‌లోనే వేదాంత విద్యకు చేరారు.

ఆ చదువు సాగుతుండగానే ఫుట్‌బాల్ కూడా ఆడారు. మనిషి పొట్టి, కానీ గట్టిపిండం. 1889లో దేశంలోని అత్యుత్తమ కాలేజీ ఆటగాళ్లను పదకొండు మందిని ఏరి మొట్టమొదటి ఆల్ అమెరికా జట్టును ప్రకటించినప్పుడు అందులో ఆయన పేరు ఉంది.

మైదానంలో ఇంత పేరు తెచ్చుకున్న మనిషి ప్రసంగవేదిక ఎక్కితే మాత్రం తేలిపోయేవారు. ఆయన మాటకు పదును లేదు. వినేవారిని కదిలించే శక్తి లేదు. ఎవరో వెళ్లగొట్టలేదు, పరీక్ష తప్పలేదు. తనకు తానే ఆ నిజాన్ని ఒప్పుకున్నారు. 1890లో వేదాంత పాఠశాల వదిలి, మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలకు వెళ్లిపోయారు.

ఇది చదువుతున్న పాస్టర్లకు ఆ నిర్ణయంలోని బాధ అర్థమవుతుంది. చిన్ననాటి నుంచి మోసుకొచ్చిన ఆశను తన చేత్తో తానే దించడం తేలిక కాదు. మోషేకు నోటిమాంద్యం ఉంటే పక్కన అహరోను దొరికాడు. స్టాగ్‌కు అహరోను దొరకలేదు. మాట లేకుండానే చేయగలిగిన పని దొరికింది.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ పాఠశాల ఎలాంటిదో కొంచెం చెప్పాలి. మనిషి ఆత్మ, మనస్సు, దేహం మూడూ దేవునివే కాబట్టి మూడింటినీ కలిపి తీర్చిదిద్దాలన్నది అక్కడి నమ్మకం. స్టాగ్‌తోపాటు అక్కడ జేమ్స్ నైస్మిత్ ఉన్నారు. ఆయన కూడా వేదాంతం చదివి ఆటల వైపు వచ్చినవారే. 1891 డిసెంబరులో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది ఆయనే. 1892 మార్చిలో ప్రజల ముందు మొదటిసారి ఆ ఆట ఆడినప్పుడు విద్యార్థులు ఉపాధ్యాయులను 5–1తో ఓడించారు. ఉపాధ్యాయులకు వచ్చిన ఆ ఒక్కటి వేసినవారు స్టాగ్.

ఈ పాఠశాల మనకు కూడా దూరపు చుట్టం కాదు. అక్కడ చదువుకొని వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. మన బడుల్లో ఈలవేసి వరుసలో నిలబెట్టిన డ్రిల్లు మాస్టార్ల వెనుక ఆ కళాశాల, దాని వెనుక ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్నాయి.

యేల్‌లో స్టాగ్ విన్న గురువుల్లో విలియం రైనీ హార్పర్ ఒకరు. హెబ్రీ పండితుడు, బాప్టిస్టు. షికాగోలో కొత్త విశ్వవిద్యాలయం కట్టే పని ఆయన చేతికి వచ్చింది. డబ్బు ఇచ్చింది చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్. పూనుకున్నది అమెరికన్ బాప్టిస్టులు. నెల్లూరుకు, ఒంగోలుకు మిషనరీలను పంపిన సంఘాల కుటుంబమే అది. ఆటల శాఖను నడపడానికి రమ్మని హార్పర్ స్టాగ్‌ను పిలిచారు. అది కూడా ఊరికే కాదు. మిగతా ఆచార్యులతో సమానంగా, స్థిరమైన ఆచార్య పదవితో. ఒక ఆటల శిక్షకునికి అంతటి హోదా అప్పటికి కొత్త.

స్టాగ్ ఆ పదవిని క్రైస్తవ పరిచర్యగానే స్వీకరించారు. రేపు దేశంలో పెద్ద స్థానాల్లో ఉండబోయే యువకుల మధ్య ప్రభువు కోసం పనిచేసే అవకాశంగా దాన్ని చూశారు. ప్రసంగవేదిక నుంచి చేరలేని వారిని మైదానంలో చేరవచ్చునని నమ్మారు.

1892 అక్టోబరులో విశ్వవిద్యాలయం తలుపులు తెరుచుకున్నాయి. ఆ వెంటనే ఆయన జట్టును కూడగట్టారు. ఆటగాళ్లు చాలక మొదట్లో తానే దిగి ఆడారు. 1894లో స్టెల్లా రాబర్ట్‌సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న యువతి. ఆటలు చూస్తూ ఎవరు ఎటు కదిలారో కాగితం మీద గీసి భర్తకు ఇచ్చేది. ఎదుటి జట్ల ఎత్తుగడలు గమనించి వచ్చేది. ఆయన పనిలో సగభాగం ఆమెదే.

ఆయన పొగ తాగలేదు, మద్యం ముట్టలేదు, బూతు పలకలేదు. బూతు లేకుండా మాటే రాదనుకొనే మైదానంలో ఆయన నోట వచ్చే కఠినమైన తిట్టు గాడిద. తప్పు పెద్దదైతే రెండింతల గాడిద, ఇంకా పెద్దదైతే మూడింతలు. ఆ మాట తినని శిష్యుడు దాదాపు లేడు. కొత్త ఆలోచనలకు మాత్రం అంతులేదు. ఆటగాళ్లు వాటేసుకోవడం నేర్చుకోవడానికి వేలాడదీసిన దిండు బొమ్మ వంటి సాధన పద్ధతులు, బంతి ఎవరి చేతిలో ఉందో తెలియకుండా చేసే ఎత్తుగడలు ఎన్నో ఆయన పేరుమీదే చెప్పుకుంటారు.

ఇక్కడితో ఆపితే ఇది మంచి సాక్ష్యంలా ఉంటుంది. కానీ భక్తుల జీవితాలు రాసేటప్పుడు బైబిలు మనకు నేర్పిన పద్ధతి అది కాదు. దావీదు కీర్తనలను దాచని గ్రంథం దావీదు పాపాన్ని కూడా దాచలేదు.

1905 సంవత్సరం స్టాగ్ జీవితంలో శిఖరం. నవంబరు 30న షికాగోలో మిషిగన్ జట్టుతో పోటీ. మిషిగన్ అప్పటికి 56 ఆటల్లో ఓటమి ఎరుగదు. ఆ రోజు షికాగో 2–0తో గెలిచింది. ఊరంతా పండుగ చేసుకుంది. ఓడిన జట్టులో డెన్నీ క్లార్క్ అనే కుర్రవాడు తమ గీత వెనుక బంతితో దొరికిపోవడం వల్లనే ఆ రెండు పాయింట్లు వచ్చాయి. నింద అంతా అతని మీద పడింది. తట్టుకోలేక ఆ విశ్వవిద్యాలయమే వదిలిపోయాడు. ఆటను ఆటగా చూడడం అప్పటికే మానేశారనడానికి ఇదొక గుర్తు.

అదే ఏడాది దేశమంతటా ఫుట్‌బాల్ మైదానాల్లో 18 మంది దాకా యువకులు దెబ్బలకు చనిపోయారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వారిని వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను శుద్ధి చేయమని చెప్పవలసి వచ్చింది. కొన్ని చోట్ల ఆటను పూర్తిగా మాన్పించాలన్నారు. స్టాగ్ నియమాల సంఘంలో సభ్యుడు. మరుసటి ఏడాది నియమాలు మారాయి. గుంపుగా మీదపడే పద్ధతులను తగ్గించారు. బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు. ఆట కొంత మనుషుల ఆట అయింది.

ఇంకొక సంగతి స్టాగ్ సొంత ఇంటిది. 1905 గెలుపు వీరుడు వాల్టర్ ఎకర్సాల్. అంతటి ఆటగాడు మళ్లీ పుట్టడన్నారు. అయితే చదువులో అతడు ఎప్పుడూ వెనుకబడే ఉన్నాడు. ఆడగలిగినంత కాలం విశ్వవిద్యాలయం అతన్ని ఉంచుకుంది. ఆడే కాలం తీరాక పట్టా లేకుండానే బయటికి వెళ్లాడు. మంచి ఆటగాళ్లను ఇతర కాలేజీల నుంచి తప్పించి తమవైపు తిప్పుకోవడానికి, చదువులో కాస్త చూసీచూడనట్టు ఉండడానికి స్టాగ్ శాఖ అలవాటుపడిందని తరువాత చరిత్రకారులు చూపించారు. టిక్కెట్ల డబ్బు పెద్దమొత్తంలో వచ్చేది. ఆ శాఖ మీద అజమాయిషీ చేయడానికి మిగతా ఆచార్యులు జంకేవారు.

యువకుల ఆత్మల కోసం వచ్చిన మనిషికి, వారి కాళ్ల బలం కూడా కావలసివచ్చింది. గెలిస్తేనే మైదానం నిండుతుంది, మైదానం నిండితేనే పరిచర్య సాగుతుంది అనే లెక్క ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆయనకే తెలిసి ఉండదు. ప్రియ సేవకులారా, ఈ లెక్క మనకు కొత్తదా? హాజరు పెరగాలి, కానుక పెరగాలి, మందిరం పెద్దది కావాలి. వీటన్నిటికీ మంచి పాటగాడు కావాలి. అతని నడత గురించి తరువాత చూద్దాం. ఇలా అనుకున్న రోజు మన పరిచర్యలో కూడా వచ్చి ఉంటుంది. స్టాగ్ తాగుడు జోలికి పోలేదు, బూతు జోలికి పోలేదు. శోధన ఆ వాకిళ్లలో రాలేదు. విజయం అనే వాకిలిలో వచ్చింది.

అయినా ఆయన పని అంతా ఆ నీడలో పోలేదు. ఆయన దగ్గర ఆడిన జెస్సీ హార్పర్ నోటర్‌డామ్‌లో కోచ్ అయ్యారు. ఆ హార్పర్ శిష్యుడే న్యూట్ రాక్నీ. అమెరికా ఫుట్‌బాల్‌లో అంత పెద్ద పేరు అరుదు. గురువు నేర్పింది శిష్యుని ద్వారా మరొకరికి, ఆ మరొకరి ద్వారా ఇంకా కొందరికి చేరింది. స్టాగ్ కుమారులు ఇద్దరూ కోచ్‌లే అయ్యారు.

1932 వచ్చింది. స్టాగ్‌కు 70 ఏళ్లు. షికాగోలో నలభై ఏళ్ల పని. అప్పటి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ మేనార్డ్ హచిన్స్‌కు ఇంకా 34 నిండలేదు. పెద్ద ఆటల మీద ఆయనకు ఇష్టం లేదు. 70 నిండితే దిగిపోవాలన్న నియమాన్ని అమలు చేశారు. గౌరవం ఉండి శిక్షణ లేని ఒక పదవిని ఇవ్వజూపారు. స్టాగ్ వద్దన్నారు. పని లేని కుర్చీ ఆయనకు అక్కరలేదు.

ఆ వయస్సులో మూటాముల్లె సర్దుకొని కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌కు, కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌కు వెళ్లారు. మెథడిస్టుల చిన్న కాలేజీ. జనం తక్కువ, డబ్బు తక్కువ. 1933 నుంచి 1946 దాకా అక్కడ పనిచేశారు. 1938లో ఆ చిన్న జట్టును వెంటబెట్టుకొని షికాగోకు వచ్చారు. తన పేరు పెట్టిన స్టాగ్ ఫీల్డ్‌లోనే, తాను నలభై ఏళ్లు పెంచిన జట్టును 32–0తో ఓడించారు. ఆ మరుసటి ఏడాది చివర షికాగో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌నే మానుకుంది.

ఖాళీగా మిగిలిన ఆ మైదానం కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1942 డిసెంబరు 2న స్టాగ్ ఫీల్డ్ మెట్ల కింద ఉన్న ఒక ఆటగదిలో ఎన్రికో ఫెర్మీ, ఆయన తోటి శాస్త్రవేత్తలు అణువిచ్ఛేదన గొలుసు చర్యను మనిషి అదుపులో మొదటిసారి నడిపించారు. హిరోషిమా దారి అక్కడినుంచే సాగింది. యువకుల దేహాలను దేవుని మహిమ కోసం పెంచాలని ఒక భక్తుడు కట్టుకున్న మైదానం చివరికి దేనికి ఉపయోగపడుతుందో ఆ భక్తుని చేతిలో లేదు. ఇప్పుడు ఆ మెట్లు కూడా లేవు. ఆ చోట గ్రంథాలయం ఉంది. మనం కట్టే మందిరాల మీద, వేయించే శిలాఫలకాల మీద మన పేర్లు చెక్కించుకొనేటప్పుడు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

స్టాగ్ మాత్రం ఆగలేదు. 1943లో, 81 ఏళ్ల వయస్సులో, దేశంలో ఆ ఏటి ఉత్తమ కోచ్‌గా తోటి కోచ్‌లు ఆయనను ఎన్నుకున్నారు. 1947 నుంచి పెన్సిల్వేనియాలోని సస్క్వెహన్నా విశ్వవిద్యాలయంలో తన పెద్ద కుమారునితో కలిసి పనిచేశారు. ఇది లూథరన్‌ల కాలేజీ. 1951లో కాలేజీ ఫుట్‌బాల్ మహనీయుల జాబితా మొదలుపెట్టినప్పుడు ఆటగాడిగానూ కోచ్‌గానూ రెండు విధాలా ఆయనను చేర్చారు. కోచ్‌గా ఆయన గెలిచిన ఆటలు 314. ఆ లెక్కను 1981లో గానీ బేర్ బ్రయంట్ దాటలేకపోయారు.

ఆ తరువాత స్టెల్లా ఆరోగ్యం కోసం స్టాక్‌టన్‌కు తిరిగి వచ్చారు. అక్కడి జూనియర్ కాలేజీలో బంతిని తన్నడం నేర్పే పని తీసుకున్నారు. పెద్ద జట్టు లేదు, పత్రికల్లో పేరు లేదు. బంతి మీద కాలు ఎక్కడ ఆనాలో కుర్రవాళ్లకు చూపించడమే పని. 96 ఏళ్ల దాకా అది చేశారు. 1964లో స్టెల్లా ప్రభువునందు నిద్రించారు. డెబ్బై ఏళ్ల కాపురం. మరుసటి ఏడాది 1965 మార్చి 17న, 102 ఏళ్ల వయస్సులో ఆయన కూడా వెళ్లిపోయారు.

ఈ జీవితం చదివినప్పుడల్లా నాకు ఒక యువకుడు గుర్తుకొస్తాడు. నా పరిచర్య తొలి రోజుల్లో నేనే సిఫారసు రాసి అతన్ని బైబిల్ కాలేజీకి పంపాను. మొదటి ఏడాది తరువాత తిరిగి వచ్చాడు. అయ్యగారూ, నిలబడితే నోట మాట రావడం లేదు, ఇది నావల్ల కాదు అన్నాడు. ఇంకా ప్రార్థన చేయాలి, ఉపవాసం ఉండాలి అన్నాను. అతని మాట సగంలోనే ఆపించి చెప్పాను. అతను మళ్లీ నా దగ్గరికి రాలేదు. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కలిశాడు. హాస్టలు పిల్లలు చదివే ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. తెల్లవారుజామున ఐదింటికి పిల్లలను లేపి మైదానానికి తీసుకువెళ్తాడట. ఇంటి మీద బెంగపెట్టుకొని ఏడ్చే పిల్లలు ముందుగా వెళ్లేది అతని గదికేనట. చెప్పేటప్పుడు అతని ముఖంలో సంతోషం ఉంది. నన్ను చూసి కొంచెం సిగ్గు కూడా ఉంది. ఆ సిగ్గు నేను పెట్టినది. ఆ రోజు అతన్ని క్షమాపణ అడిగాను.

దేహంలో అవయవాలు అనేకమని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ వాక్యం మీద మనం ఎన్నో ప్రసంగాలు చేశాం. కానీ మన నడవడిలో మాత్రం నోరు ఒక్కటే అవయవంగా మిగిలింది. నోరున్నవాడే సేవకుడు, మిగిలినవారు విశ్వాసులు. స్టాగ్ నోటితో చేయలేనిది ఈలతో, గాడిద అనే తిట్టుతో, తెల్లవారి సాధనతో చేశారు. ఆ పనిలో ఆయన కూడా తప్పిపోయిన చోట్లున్నాయి. ప్రసంగవేదిక మీద నిలబడే మనకు అలాంటి చోట్లు తక్కువేమీ కావు.

వచ్చే ఆదివారం ఆరాధనలో సేవకుల కొరకు ప్రార్థించే సమయం వస్తుంది. పాస్టర్ల పేర్లు, సువార్తికుల పేర్లు చదువుతారు. మీ సంఘంలో ఒక డ్రిల్లు మాస్టారు ఉండవచ్చు, ఒక నర్సు ఉండవచ్చు, బైబిల్ కాలేజీ మానేసి వెనక బల్లమీద తలవంచుకొని కూర్చునే ఒక అబ్బాయి ఉండవచ్చు. ఆ పేరు కూడా చదవండి. గొంతు తగ్గించకుండా చదవండి.